టైరు జాతకం

మా ఊరు భావనపాడు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో, నౌపడా ఉప్పుమడులు దాటి తూర్పుకు వస్తే, రోడ్డు ముగిసి సముద్రం మొదలయ్యే చోట ఉన్న ఊరది. మా చిన్నతనాన ఆ ఊరి పిల్లవాడికి మొట్టమొదటి వాహనం పాత సైకిలు టైరు. చేతిలో జానెడు కర్రముక్క, ముందు దొర్లిపోయే టైరు, వెనుక మేము... ఇసుకలో టైరు కూరుకుపోయి పడిపోయేదాకా పరుగు. ఎవరి టైరు ఎక్కువ దూరం దొర్లితే వాడే ఆనాటికి రాజు.

అరిగిపోయిన టైరుకు మా ఊళ్ళో చావు లేదు. లారీకి పనికిరానిది ఎడ్లబండికి ఎక్కేది. ఇనుప కమ్మీల చక్రాలు పోయి టైరు బండ్లు వచ్చాక ఎద్దుల మెడకు సుఖం కలిగిందని మా తాతగారు తరచూ అనేవారు. బండికీ పనికిరాకపోతే దాన్ని కోసి చెప్పులు కుట్టేవారు. ఆ టైరు చెప్పులతో మా తాతగారు పదేళ్ళు నడిచారంటే అతిశయోక్తి కాదు. చెప్పులకూ పనికిరాని ముక్క పడవ పక్కన వేలాడుతూ, పడవ పడవను రాసుకోకుండా అడ్డుగా ఉండేది. అందుచేత పాత టైరంటే నాకు చులకన లేదు సరికదా, ఒక విధమైన గౌరవం కూడా ఉండేది. ఆ గౌరవమే నన్ను ముంచిందని ఈవేళ చెప్పుకోవలసి వస్తోంది.

ఉపోద్ఘాతం ఎక్కువయింది. అసలు సంగతికి వస్తాను.

2022 ఫిబ్రవరి నాటి మాట. నేను బడిపంతులును. నాకొక చిన్న కారుంది. అప్పటికి దాని వయసు ఎనిమిదేళ్ళు. టైర్లు నాలుగూ గుండు కొట్టించుకున్న తలల్లా నున్నగా తయారయ్యాయి. టెక్కలి వెళ్ళి ధర కనుక్కుంటే నాలుగు కొత్త టైర్లకు దరిదాపుగా ఇరవై వేలన్నారు. ఆ నెలలో అమ్మకు గుండె పరీక్షలూ, మందులూ, చెల్లెలి ఇంట్లో శుభకార్యమూ ఒకేసారి వచ్చిపడ్డాయి. ఇరవై వేలు నా దగ్గర లేవని కాదు. ఉన్నాయి, కానీ నాలుగు వైపులా వాటికి పిలుపులున్నాయి.

ఆ రాత్రి అంతర్జాలంలో వెతికాను. పాత వస్తువుల అమ్మకాలకు స్థలమిచ్చే పుటలు అనేకం ఉన్నాయి కదా. ఒకచోట నా కారు కొలతకు సరిపోయే నాలుగు టైర్లు కనిపించాయి. ధర ఎనిమిది వేలు. ఛాయాచిత్రంలో ఆ టైర్లు ఎంత నల్లగా, ఎంత నిగనిగలాడుతూ ఉన్నాయంటే, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టిన పిల్లలా ఉన్నాయి! కింద ఇలా రాశాడు: డాక్టరుగారి కారువి, తక్కువ తిరిగినవి, గ్రిప్పు ఎనభై శాతం ఉంది, ముందుగా అడిగినవారికే.

ఫోను చేశాను. అవతలి మనిషి మహా మర్యాదస్థుడు. "మీరు మాస్టారు కదండీ, మీకు అబద్ధం చెబుతానా?" అన్నాడు. నా ఉద్యోగం నేనే చెప్పానన్న సంగతి నాకు గుర్తు లేదు. అతడు నన్ను ముందే ఎరుగుననిపించింది. రెండు వేలు ముందుగా పంపితే లారీ పార్సిలులో వేస్తానన్నాడు, మిగిలినవి సరుకు చూసుకున్నాక ఇమ్మన్నాడు. ఆ షరతు నాకు న్యాయంగా తోచింది. పంపాను. అయిదో రోజున టెక్కలి పార్సిలు ఆఫీసుకు టైర్లు వచ్చాయి. మోసగాడైతే సరుకే రాదు కదా! వచ్చింది కాబట్టి అతడు నిజాయితీపరుడేనని నిశ్చయించుకుని, మిగిలిన ఆరు వేలూ అక్కడే నిలబడి పంపేశాను. వేలితో తడిమి చూశాను. గాళ్ళు లోతుగా ఉన్నాయి. అంతకుమించి ఏమి చూడాలో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు.

ఆ పక్క వీధిలోనే ఒక కుర్రవాడు గంటలో నాలుగూ బిగించి, గాలి కొట్టి పంపాడు. పన్నెండు వేలు మిగిల్చానన్న సంతోషంతో ఇంటికి వస్తూ నౌపడాలో అమ్మకు ఇష్టమని జీడిపప్పు కూడా కొన్నాను.

మూడు నెలలు ఏ చిక్కూ లేదు. మే నెలలో అమ్మను విశాఖపట్నం తీసుకువెళ్ళవలసి వచ్చింది. మళ్ళీ చూపించుకోమని డాక్టరుగారు తేదీ ఇచ్చారు. తెల్లవారుజామున బయలుదేరుదామనుకున్నవాళ్ళం, ఇంటి పనుల వల్ల పదిగంటలకు గాని కదలలేదు. వెనుక సీట్లో అమ్మ, అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని చెల్లెలి కూతురు. దానికి ఏడేళ్ళు. విశాఖలో సముద్రం చూపిస్తానంటే, "మన సముద్రమే గదా మావయ్యా, అక్కడిది వేరేదా?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

టెక్కలి దాటి జాతీయ రహదారి ఎక్కాము. కోటబొమ్మాళి దాటాక వెనుక నుంచి సన్నగా దడదడమని శబ్దం మొదలైంది. చేతిలోని స్టీరింగు కూడా వణుకుతున్నట్టు అనిపించింది.

"ఏటో మోగతంది నాయినా, ఓపాలి ఆపి సూడరాదేటి?" అంది అమ్మ.

"రోడ్డు బాగులేదమ్మా," అన్నాను.

రోడ్డు బాగానే ఉంది. అద్దంలా ఉంది. ఆలస్యమవుతోందన్న తొందరలో నా నోటికి వచ్చిన మాట అది. అమ్మ ఇంకేమీ అనలేదు. కొడుకు చదువుకున్నవాడు, వాడికి తెలుసుననుకుంది.

మరో రెండు మూడు నిమిషాలకు తుపాకి పేలినట్టు ఒక మోత. ఆ వెంటనే వెనుక ఎడమవైపు నుంచి ఏదో రేకును చీల్చి కొడుతున్నట్టు చప్పుడు. కారు తోక పక్కకు ఊగింది. వెనుక వస్తున్న లారీ హారను నా చెవిలో ఇప్పటికీ ఉంది. గట్టిగా బ్రేకు తొక్కకూడదని ఎక్కడో చదివిన జ్ఞాపకం ఆ క్షణాన ఎలా పనిచేసిందో తెలియదు. స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకుని, కాలు తీసేసి, కారు దానంతట అది నెమ్మదించేదాకా ఊరుకున్నాను. లారీ మమ్మల్ని ఒరుసుకున్నట్టుగా దాటిపోయింది. కారు మట్టిదారిలోకి దిగి ఆగింది.

వెనక్కి తిరిగి చూశాను. పాప సీటు కిందికి జారిపోయి ఉంది. దాని మీద అమ్మ బోర్లా వంగి ఉంది. గుండె జబ్బు మనిషి, అరవై ఎనిమిదేళ్ళ మనిషి, అంత వేగంగా పిల్లను ఎలా కప్పేసిందో! ఇద్దరికీ దెబ్బలు తగలలేదు. అమ్మ లేచి పమిట సర్దుకుని మొట్టమొదట అన్న మాట, "నీకేటీ కాలేదు గదా?"

దిగి చూస్తే టైరు పేలిపోలేదు, విడిపోయింది. నేలను తాకే పైపట్టీ అంతా లోపలి పొర నుంచి ఊడి, బారెడు ముక్క చక్రం గూటిలో చిక్కుకుని ఉంది. తక్కినది రోడ్డు మధ్య చచ్చిన పాములా పడి ఉంది. చీలిన చోట తీగలు బయటికి పొడుచుకు వచ్చాయి. స్టెప్నీ వేసుకుని వెనక్కి మళ్ళాము. ఆ రోజు డాక్టరు దర్శనం కాలేదు.

మర్నాడు ఆ టైరునూ, తక్కిన మూడింటినీ మా వైపు రోడ్డు పక్కన పంచరు కొట్టు నడిపే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన వయసు డెబ్బై పైమాటే. లారీ టైర్లతో జీవితమంతా గడిపినవాడు. చదువు రాదు, అంకెలు వచ్చు. ఊడిన టైరును ఒళ్ళో పెట్టుకుని, తడి గుడ్డతో పక్కగోడ తుడిచి, వేలు పెట్టి చూపించాడు.

"ఇదిగో మేస్టారూ, దీని జాతకం. సదవండి."

చిన్న నిలువెత్తు గీతలో నాలుగంకెలు: 4609.

"మొదటి రెండూ వారం. ఎనకాల రెండూ సమచ్చరం. నలభయ్యారో వారం, రెండువేల తొమ్మిది. అంటే దీనికి పన్నెండేళ్ళు దాటిపోనాయి. మీ కారు కన్నా టైరు పెద్దది!"

నాకు నోట మాట రాలేదు. కొనేటప్పుడు ఆ అంకెలు ఎందుకు కనిపించలేదని అడిగాను. ఆయన నవ్వాడు. పూర్తి సంకేతం కొన్ని టైర్లకు ఒక పక్కనే ఉంటుందట. ఆ పక్క లోపలికి తిప్పి బిగిస్తే కారు కిందకు దూరితే తప్ప కనబడదు. ఛాయాచిత్రంలో ఆ పక్క చూపించకపోతే ఇక చెప్పేదేముంది.

తరువాత టైరు లోపలి భాగం తెరిచి చూపించాడు. అక్కడ బొటనవేలంత అతుకు ఉంది, అదీ పక్కగోడకు దగ్గరగా. ట్యూబ్‌లెస్ టైరుకు పంచరు వేస్తే నేలను తాకే నడిమి భాగంలోనే వేయాలి. ఎల్లప్పుడూ వంగుతూ లేస్తూ ఉండే పక్కగోడకు అతుకు నిలవదు. లోపల చేయి పెట్టి తుడిస్తే వేళ్ళకు నల్లటి పొడి అంటింది. "ఇది గాలి తక్కువగా ఉంచి పరిగెట్టించిన బండిది. లోపల రబ్బరు నలిగి పొడైపోనాది. పైకి ఏటీ తెల్దు," అన్నాడు. బయటపడిన తీగల మీద తుప్పు ఉంది. పగుళ్ళ గుండా చెమ్మ చేరితే లోపలి ఉక్కు తీగలు తుప్పు పడతాయి. ఉప్పుగాలి తినే మా ఊరికి ఆ సంగతి వేరే చెప్పాలా?

మూడో టైరు సంగతి ఇంకా ఘోరం. గాళ్ళు లోతుగా ఉన్నాయని మురిసిపోయానే, అవి కర్మాగారం పెట్టిన గాళ్ళు కావు. అరిగి నున్నబడ్డ టైరుకు వేడి కత్తితో కొత్తగా కోసిన గాళ్ళు! కారు టైరు గాడి అడుగున అక్కడక్కడ చిన్న అడ్డకట్టలుంటాయి. టైరు అరిగి అరిగి ఆ కట్టలతో సమానమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని గుర్తు, మార్చవలసిందని అర్థం. ఈ టైరులో ఆ కట్టలనే కోసేశారు. ఉక్కు తీగల మీద కాగితం మందాన రబ్బరు మిగిలింది. పైన నల్ల రంగు పూశారు. నేను చూసిన నిగనిగ అదే.

"తమరికి సదువుంది గదా, టైరు మీద రాసిందాన్ని సదవకుండా కొన్నారేటండీ?" అన్నాడు పెద్దాయన. ఎగతాళిగా కాదు, నిజంగానే ఆశ్చర్యపడి.

ఆ మాట నాకు గుచ్చుకుంది. పిల్లలకు అక్షరాలు నేర్పే మనిషిని, కళ్ళెదుట ఉన్న అక్షరాలు చదవలేదు. ఆ తరువాత చాలా రోజులు టైర్ల గురించే చదివాను. తెలుసుకున్నది నలుగురికీ పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

టైరు పక్కన 165/80 ఆర్ 14 85 టి అని ఉందనుకోండి. 165 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 80 అంటే ఆ వెడల్పులో నూటికి ఎనభై వంతు పక్కగోడ ఎత్తు. ఆర్ అంటే రేడియల్ అల్లిక. 14 అంటే చక్రం వ్యాసం అంగుళాలలో. 85 అన్నది మోయగల బరువుకు సంకేతం. అంటే ఒక్కొక్క టైరుకు 515 కిలోలు. టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. రిమ్ముకు పట్టింది కదా అని బరువు సంకేతం తక్కువ ఉన్నది కొంటే, కుటుంబమంతా ఎక్కిన రోజున తెలుస్తుంది దాని ఫలితం. ఇక డి.ఓ.టి. అనే మూడు అక్షరాల వరుస చివర ఉండే నాలుగంకెలు జన్మకాలం. 2000 సంవత్సరం నుంచి ఇలా నాలుగంకెలు వేస్తున్నారు. మూడంకెలే ఉంటే ఆ టైరు గత శతాబ్దానిది. కొనడం మాట అటుంచి, దాని దరిదాపులకు కూడా పోవద్దు.

తిరగని టైరు పాడవదని మనం అనుకుంటాం. అది సగం నిజమే. రబ్బరు గాలిలోని ఆక్సిజనుతోనూ ఓజోనుతోనూ నిత్యం చర్య పొందుతూ గట్టిపడుతుంది, పగులుతుంది. దీన్ని నివారించడానికి తయారీలోనే కొన్ని మైనాలూ రసాయనాలూ కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటే అవి పైకి ఊరి ఒక పొరలా కాపాడతాయి. మూల పడేసిన టైరుకు ఆ ఊట సరిగా అందదు. కాబట్టి 'తక్కువ తిరిగింది' అన్నది ప్రతిసారీ మెచ్చుకోలు కాదు. పైగా వేడి తగిలితే ఈ ముసలితనం త్వరగా వస్తుంది. కొన్ని వాహన సంస్థలు ఆరేళ్ళకే టైర్లు మార్చమంటాయి. గ్రిప్పు ఎంత ఉన్నా పదేళ్ళకు మించి వాడవద్దని పలు టైరు సంస్థలు చెబుతాయి. నా టైరు పదమూడో ఏట, మే నెల ఎండలో, ముగ్గురిని మోస్తూ తొంభై కిలోమీటర్ల వేగంతో పోయింది.

పొరలు విడిపోవడం కొత్త సంగతేమీ కాదు. 2000 ఆగస్టులో అమెరికాలో బ్రిడ్జ్‌స్టోన్-ఫైర్‌స్టోన్ సంస్థ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించుకుంది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్ళకు వేసిన ఆ టైర్లు పైపట్టీ ఊడి ప్రమాదాలు జరిగాయి. 271 మంది మరణాలకు వాటితో సంబంధం ఉందని అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్క తేల్చింది. మొదట మార్పిడి చేసింది ఎండ ఎక్కువ ఉన్న రాష్ట్రాలలోనే. అవి పాతవి కావు, కొత్తగా అమ్మినవే. కొత్తవాటికే వేడి, వేగం, బరువు, తక్కువ గాలి కలిస్తే ఆ గతి పట్టింది. ముసలి టైరు సంగతి చెప్పాలా?

ఇంగ్లండులో 2012 సెప్టెంబరులో ఒక సంగీతోత్సవం నుంచి యువతీ యువకులను తీసుకువస్తున్న బస్సు ముందు టైరు పగిలి చెట్టును ఢీకొంది. ముగ్గురు మరణించారు. ఆ టైరు వయసు పందొమ్మిదేళ్ళ పైన! దానికి గ్రిప్పు ఉంది, చట్టం ప్రకారం అప్పటికి తప్పు లేదు. ఆ ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న ఫ్రాన్సెస్ మోలాయ్ అనే తల్లి ఏళ్ళ తరబడి పోరాడింది. 2021 ఫిబ్రవరి 1 నుంచి అక్కడ లారీలకూ బస్సులకూ ముందు చక్రాలకు పదేళ్ళు దాటిన టైర్లు నిషేధించారు. ఆ దేశంలో పాత టైరు అమ్మకం నేరం కాదు. కానీ కనీసం రెండు మిల్లీమీటర్ల గాడి ఉండాలి, అది వాడినదని చెరగని అక్షరాలలో పక్కన ముద్ర ఉండాలి. మనం ఆ ముద్ర కోసం ఎదురు చూడకుండా, కొనేవాళ్ళమే అడిగి చూసుకోవచ్చు.

ఏమి అడగాలి? పక్కగోడ మీది నాలుగంకెల దగ్గరి చిత్రం, నాలుగు టైర్లకూ విడివిడిగా. లోపలి భాగం చిత్రం. గాడి అడుగున కట్టలు కనిపించే చిత్రం. ఐ.ఎస్.ఐ. గుర్తు. ఇవి పంపనివాడి దగ్గర కొనవద్దు. పంపినా, రిమ్ము నుంచి తీసి, స్వయంగా చేత్తో తడిమి, పొంగులూ అతుకులూ చూడనిదే డబ్బు ఇవ్వవద్దు. రంగు పూసిన టైరును ముందుగా సబ్బునీళ్ళతో కడగమనండి. ఇక డబ్బు విషయం. మనకు డబ్బు పంపేందుకని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ను నొక్కమనేవాడు దొంగ. డబ్బు రావడానికి పిన్ను అక్కరలేదు, పోవడానికే కావాలి. పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

నా విషయంలో అలాంటి దొంగతనం జరగలేదు. సరుకు వచ్చింది, నేనే ఒప్పుకుని డబ్బిచ్చాను. అతడి నంబరుకు ఫోను చేస్తే ఆ నంబరు ఉపయోగంలో లేదంది. 2020 జూలైలో అమలులోకి వచ్చిన ఈ-కామర్స్ నియమాలు చదివాను. వ్యాపారంగా కాక, తన సొంత వస్తువును ఎప్పుడో ఒకసారి అమ్ముకునే వ్యక్తికి అవి వర్తించవట. అతడు వ్యాపారా, గృహస్థా? నాకు తెలిసింది ఒక గొంతు మాత్రమే. ఊళ్ళో కొట్టువాడు మోసం చేస్తే మర్నాడు వాడి కొట్టు ముందు నిలబడవచ్చు. గొంతు ముందు ఎక్కడని నిలబడతాం?

ఇంతవరకు చెప్పింది నా మీద జరిగిన మోసం. ఇకపైన చెప్పేది నేను చేయబోయిన మోసం.

నాలుగింటిలో ఒకటి పోయింది, మూడు మిగిలాయి. అప్పు చేసి నాలుగు కొత్త టైర్లు కొన్నాను. పన్నెండు వేలు మిగలలేదు సరికదా, ఎనిమిది వేలు వదిలాయి. మా బావగారు వచ్చి చూసి, "వాటిని ఊరికే ఎందుకు పారేస్తారు? కొన్నచోటే పెట్టండి. మూడింటికీ నాలుగు వేలైనా రావా?" అన్నారు. ఆయన చెడ్డమనిషి కారు. ఎవరైనా అనే మాటే అది.

ఆ సాయంత్రం మూడు టైర్లనూ కడిగాను. వరండాలో గోడకు ఆనించాను. పొద్దు వాలే వెలుతురులో ఫోటో తీశాను. తీసేటప్పుడు నా చేయి దానంతట అదే టైరును తిప్పింది. పగుళ్ళున్న పక్క గోడవైపు, బాగున్న పక్క నావైపు. 'మాస్టారి కారువి, తక్కువ తిరిగినవి' అని రాశాను. రెండూ నిజాలే! నేను మాస్టారినే. మూడు నెలలే తిరిగాయి.

అప్పుడు గుర్తుకు వచ్చింది: డాక్టరుగారి కారువి, తక్కువ తిరిగినవి. అతడు కూడా అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. అతడికీ ఎవరో ఇలాగే అంటగట్టి ఉంటారు. అతడూ తన నష్టం పూడ్చుకోవడానికి వరండాలో వాటిని కడిగి, మంచి పక్క తిప్పి, వెలుతురు చూసి ఫోటో తీసి ఉంటాడు. ఆ టైరు 2009 నుంచి అలా చేతులు మారుతూ మారుతూ, చివరికి మా అమ్మా మా మేనకోడలూ కూర్చున్న సీటు కిందికి వచ్చింది. ఇప్పుడు నేను దాన్ని ఇంకెవరి అమ్మ కిందికి పంపబోతున్నాను?

రాసినదాన్ని చెరిపేశాను. ఆ మనిషి మీద అంతవరకు ఉన్న కోపం కూడా ఏమైందో తెలియదు. పోయిందనను, కానీ దాని ముఖం మారింది. అందులో నా పోలికలు కనిపించాయి.

మర్నాడు ఆ మూడింటినీ మళ్ళీ పెద్దాయన దగ్గరికి తీసుకుపోయి, పక్కగోడలు కోసేయమన్నాను. మళ్ళీ ఎవరూ రిమ్ముకు ఎక్కించలేని విధంగా. ఆయన మారు మాటాడక కత్తి తడిపి మూడింటినీ కోశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "ఇది మంచి పనండి," అని మాత్రం అన్నాడు. తెగిన టైర్లను ఊళ్ళో పడవలవాళ్ళకు ఇచ్చాను. వాననీరు నిలిస్తే దోమలు గుడ్లు పెడతాయి కాబట్టి అడుగున కంతలు పెట్టమని చెప్పాను. ఇప్పుడవి పడవల పక్కన వేలాడుతున్నాయి.

2023లో బొంబాయి హైకోర్టు ఇచ్చిన తీర్పొకటి పత్రికలలో చదివాను. 2010లో పూనా నుంచి బొంబాయి పోతున్న కారు టైరు పగిలి ఒక మనిషి మరణించాడు. టైరు పగలడం దైవఘటన కాబట్టి పరిహారం ఇవ్వనక్కరలేదని బీమా సంస్థ వాదించింది. న్యాయస్థానం ఒప్పుకోలేదు. అది దైవఘటన కాదు, మనిషి నిర్లక్ష్యమే అన్నది. కుటుంబానికి 1.25 కోట్ల పరిహారాన్ని ఖాయం చేసింది. ఆ వార్త అమ్మకు చదివి వినిపించాను. మా ఊళ్ళో దైవఘటనలకు కొదవ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లా మీద విరుచుకుపడి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. దానికి ఎవరిని అడుగుతాం? అమ్మ కాసేపు ఆలోచించి, "గాలికి తెల్దు మనిషుంటాడని. టైరమ్మినోడికి తెల్సు గదా," అంది.

కొన్నవాడికి కూడా తెలిసి ఉండవలసిందని ఆమె అనలేదు. రోడ్డు బాగులేదని నేను చెప్పిన అబద్ధం సంగతి కూడా ఈనాటి వరకు ఎత్తలేదు.

2023 ఏప్రిల్ 19న మా పక్కనే మూలపేటలో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. అంతకుముందు దాన్ని భావనపాడు పోర్టనే పిలిచేవారు. మా పెద్దాయన దృష్టిలో ఓడరేవంటే ముందుగా లారీలు, లారీలంటే టైర్లు. మా ఊరి కుర్రవాళ్ళు కార్లు కొంటున్నారు, చాలామంది పాతవే. కొనే ముందు వాళ్ళు నన్ను తోడు రమ్మంటారు. వెళ్తాను. ఇంజను గురించి నాకేమీ తెలియదు. నాలుగు చక్రాల దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని, కావలసివస్తే కారు కిందికి తల దూర్చి, తడి గుడ్డతో తుడిచి, ఆ నాలుగంకెలూ పైకి చదువుతాను. నా బట్టలు మాసిపోతాయి. పక్కనుండి మేనకోడలు వాటిని నోటు పుస్తకంలో రాసుకుంటుంది. దానికి ఇప్పుడు కూడికలూ తీసివేతలూ బాగా వచ్చు. ఏ టైరు వయసెంతో నాకంటే ముందే చెప్పేస్తుంది.